నల్లగీత పడ్డ తలపాగా

ఇలా ముందుకు జరగండమ్మా. ఆ గోడకి ఆనుకున్న పెద్దాయనకి కూడా కాస్త చోటివ్వండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

పెడన దగ్గర జిలానీ సాయిబుకి ఒక అద్దకపు షెడ్డు ఉండేది. చెక్క అచ్చులతో గుడ్డ మీద పువ్వులు అద్దుతారు. ముందు ఒకరు పువ్వుకి నల్లగీత వేస్తారు. వెనకే ఇంకొకరు గీత లోపల ఎరుపు నింపుతారు. గీత వేసేవాడంటే షెడ్డులో పెద్దరికం.

నాంచారయ్య పదకొండేళ్ళు ఎరుపే అద్దాడు. ఇద్దరు కలిసినా అతనంత అద్దలేరు. అందుకే, గీత వేసే ముసలాయన మానుకున్నప్పుడు జిలానీ ఆ చోటికి పొరుగూరి మనిషిని తెచ్చాడు. "నిన్ను ఎరుపులోంచి తీస్తే షెడ్డు ఆగిపోదూ!" అని నాంచారయ్యను మెచ్చుకున్నాడు కూడా.

ఆ సాయంత్రమే నాంచారయ్య, "సోమవారం నుంచి నేను రాను సాయిబుగారూ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జిలానీ తన గురువు బుర్హాన్ షా దగ్గరికి పరిగెత్తాడు.

"గీతకి వేరే మనిషిని తెచ్చిన రోజే మా నాంచారయ్య మానేస్తానన్నాడు. కూలి పెంచుతానన్నా వినడం లేదు హజ్రత్. అతను పోతే నా షెడ్డు లేదు. మనసు నిలిచేలా ఒక తాయెత్తు కట్టివ్వండి."

"పద, పని చేసే చోటు చూపించు," అన్నాడు గురువు చెప్పులు తొడుక్కుంటూ.

షెడ్డులోకి వచ్చి ఆయన తన తెల్లటి తలపాగా విప్పాడు. అది ఒకప్పుడు ఆయన గురువు తన చేత్తో ఆయన తలకి చుట్టినది. దాన్ని బల్ల మీద పరిచాడు.

"దీని మీద నల్లగీత నాంచారయ్య వేస్తాడు."

జిలానీ అడ్డం వచ్చాడు. "హజ్రత్! అతను ఎరుపు మనిషి. పాడుచేస్తాడు!"

"పాడైతే మోసేది నా తలేగా. నీకెందుకు?"

నాంచారయ్య వెనక్కి జరిగాడు. "నాకు పాపం చుట్టుకుంటుంది సామీ."

గురువు అచ్చు తీసి అతని చేతిలో పెట్టాడు.

మొదటి పువ్వు ఒరిగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇంకోటి," అన్నాడు గురువు. రెండోది కాస్త అలికింది. "ఇంకోటి."

నాలుగో పువ్వు నుంచి నవ్వులు ఆగిపోయాయి. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో కనబడలేదు. తీగ దానంతటదే పాకుతున్నట్టుంది. పొరుగూరి గీతకారుడే, "యా అల్లా!" అన్నాడు నోటి మీద చెయ్యి పెట్టుకుని.

"ఎక్కడ నేర్చావు?" అని అడిగాడు జిలానీ.

"పదకొండేళ్ళు ఒకరి గీతల్లోనే కదండీ నింపింది. ఎక్కడ తప్పిందో కళ్ళు మూసుకున్నా కనబడేది."

"మరి చెప్పలేదేం?"

"మీరెప్పుడూ ఎరుపు ఎంతయిందనే అడిగారు."

గురువు తడి ఆరకుండానే తలపాగా చుట్టుకున్నాడు. ఒరిగిన పువ్వు సరిగ్గా నుదుటి మీదకి వచ్చింది. నల్లరంగు కనుబొమల మధ్యకి జారింది. తుడుచుకోలేదు. అలాగే బజారులోకి నడిచి వెళ్ళిపోయాడు.

జిలానీ చొక్కా చేతులు మడుచుకుని ఎరుపు అచ్చు అందుకున్నాడు.

"నాంచారయ్యా, దీన్నెలా పట్టుకోవాలో చూపిస్తావా?"

తల్లులారా, అయ్యలారా! తలపాగా విప్పి బల్ల మీద పరిచిన ఆ చెయ్యి ఒక్కదాన్ని గుర్తుంచుకోండి. రేపు మీ పనిచోట ఒక్కరి ముందు, ఒక్కసారి, అలా పరిచి చూడండి.