వెనకడుగు వేసిన కేదారుడు

అనగనగా ఒక రాజు. ఆయన కోట గుమ్మం మీద ఒకే మాట చెక్కించాడు: 'మా వంశంలో వెనకడుగు లేదు.' ముగ్గురు కొడుకులకూ ఆ మాటే ఉగ్గుపాలతో పట్టించాడు. రాయికేమర్రా, ఎంత పౌరుషమైనా మోస్తుంది! పసివాళ్లు మోయగలరా?

ఏడు సముద్రాల అవతల ధూమ్రకంఠుడనే మాంత్రికుడు పేకాట పెట్టాడు. మనిషికి మూడు ముక్కలు. ఎవరి ముక్కలు వాళ్లకే తెలుసు. పందేనికి హద్దు లేదు. పెద్దకొడుకు వెళ్లాడు. ముక్క పడకపోయినా పందెం పెంచాడు, ఓడాడు, రాయైపోయాడు. అన్నకోసం నడిపివాడు వెళ్లాడు. ముక్క పడకపోయినా పందెం పెంచాడు, ఓడాడు, రాయైపోయాడు. ముక్కలు దింపేసి తప్పుకునే వీలు ఆ ఆటలో ఉంది. కానీ వెనకడుగు లేని వంశం కదా!

చిన్నవాడు కేదారుడు బయలుదేరితే తల్లి గడపకు అడ్డంగా కూర్చుంది.

"ఇద్దర్ని మింగిన నోట్లోకి నిన్ను కూడా పంపనా, నాయనా?"

"అన్నలు లేకుండా నీ ఎదుట కూర్చుని అన్నం ఎలా తిననమ్మా?"

ఆమె లేచి దారి ఇచ్చింది.

తీరాన వలలో చిక్కుకున్న ముసలి కొంగను కేదారుడు విడిపించాడు. అది పడవ కొమ్మున వాలి ఏడు సముద్రాలూ వెంట వచ్చింది.

"కొంగమామా, వాణ్ణి గెలిచేదెలా?"

"నేను చేపను పట్టినట్టే. కదిలిన ప్రతిదానికీ ముక్కు పెడతానా? చెడ్డ ముక్కలొస్తే దింపెయ్. ముందు వాణ్ణే మాట్లాడనీ. ఇక మూడోది, వాడి ముఖం చూడకు. అందులో ప్రాణం లేదు. ప్రాణం ఉన్నచోట చూడు."

కేదారుడు కోట చేరాడు. మాంత్రికుడి వెనక పంజరంలో పచ్చని చిలక ఉంది. బందీగా పడి ఉన్న రాజకుమార్తె మంజరి ముక్కలు పంచుతోంది. "ప్రతి ఆటకూ ముందు ఒక జ్ఞాపకం ఈ దీపంలో వెయ్యాలి. కాలింది తిరిగి రాదు," అని ఆమె మెల్లగా చెప్పింది.

మొదటి ఆట. చెడ్డ ముక్కలు. దింపేశాడు. చిన్నప్పటి రేగుపళ్ల రుచి కాలిపోయింది. రెండో ఆట. చెడ్డ ముక్కలు. దింపేశాడు. తొలిసారి ఎక్కిన గుర్రం పేరు కాలిపోయింది. మూడో ఆట. దింపేశాడు. అమ్మ జోలపాట కాలిపోయింది.

మాంత్రికుడు తన ముక్కలు తిప్పి చూపించి పకపకా నవ్వాడు. "చూడరా పిరికిపందా! ఏమీ లేని ముక్కలకే పారిపోయావు! మీ అన్నలు మగాళ్లురా!"

కేదారుడి చెవులు మండిపోయాయి. అయినా చిలకనే చూశాడు. మాంత్రికుడికి మంచి ముక్కలొచ్చినప్పుడు అది తాపీగా జామపండు కొరుకుతుంది. వాడు బొంకి పందెం పెంచినప్పుడు దాని ఈకలు నిక్కబొడుచుకుంటాయి.

ఆటమీద ఆట సాగింది. చివరికి అన్నల జ్ఞాపకం కాక దీపంలో వేయడానికి అతని దగ్గర ఒక్కటే మిగిలింది. అమ్మ ముఖం. వేశాడు.

ముక్కలు ఎత్తి చూస్తే రెండు ఏడులు, ఒక మూడు. చిన్న జత.

"మీ అన్నలు, ఈ పిల్ల, నా కోట, అన్నీ పెట్టాను! నీ ప్రాణం పెట్టరా!" అన్నాడు మాంత్రికుడు. వెనక చిలక ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"పెట్టాను. ఆ చిలకను కూడా పెట్టు."

మాంత్రికుడు పంజరాన్ని వెనక్కి జరిపాడు.

"భయమా తాతా? ముక్కలు దింపెయ్. నేను నవ్వనులే."

వాడికి రోషం పొడుచుకొచ్చింది. "పెట్టాను!" అని గర్జించాడు. ముక్కలు తిప్పితే జతైనా లేదు.

కేదారుడు చిలక మెడ నులిమాడు. మాంత్రికుడు కూలాడు. రాళ్లు కదిలి అన్నలై వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

మంజరిని వెంటబెట్టుకుని అందరూ ఇల్లు చేరారు. కోట గుమ్మంలోంచి ఒక ముసలామె పరుగున ఎదురొచ్చింది. కేదారుడు చేతులు జోడించాడు.

"తల్లీ, తమరెవరు?"

ఆమె కొంగుతో అతని ముఖం తుడిచింది. "ఆకలేస్తోందా, నాయనా?" అని ముగ్గురికీ పక్కపక్కనే విస్తళ్లు వేసింది.

రాజు ఉలి తీసుకుని గుమ్మం మీది మాటను తన చేత్తోనే చెక్కి తీసేశాడు. కేదారుడికీ మంజరికీ పెళ్లి జరిపించి, పట్టం కట్టాడు. కేదారుడు చల్లగా చాలాకాలం ఏలాడు. రోజూ సందెవేళ తల్లి వచ్చి అతని పక్కన కూర్చుని జోలపాట పాడేది. నెరిసిన గడ్డంతో కేదారుడు దాన్ని కొత్త పాటలా నేర్చుకునేవాడు.