ఆపిల్ చెట్లకు కట్టిన చీరలు

లంబసింగి దగ్గర ఒక కొండ ఊళ్లో పైడమ్మ అనే ఇల్లాలు ఉండేది. పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు గానీ, ఎదుటివాళ్ల కంటి చూపంటే మాత్రం ఆమెకు చచ్చేంత భయం. చీర బాగుందని ఎవరైనా అంటే చాలు, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు. దూడ చెంగుచెంగున గెంతుతుంటే ఎవరి కన్నయినా పడుతుందని కొట్టంలోకి తోలేసేది.

ఆమె పెరట్లో గోడ వారగా రెండు ఆపిల్ చెట్లు ఉండేవి. ఆ కొండ చలికి ఆపిల్ కాస్తుందని ఎవరో చెబితే, రెండు రకాల మొక్కలు తెప్పించి తనే నాటింది. పాదుల్లో నీళ్లు నిలవకుండా చూసుకునేది. బాగా మాగిన పశువుల ఎరువు వేసేది. చలికాలంలో చెట్టుకు కాస్త విశ్రాంతి దొరకాలని, రాలకుండా మిగిలిన ఆకులను చేత్తో దూసేసేది. దారితప్పి పెరిగిన కొమ్మలను కత్తిరించి, కోసిన చోట పేడ పూసేది. "నాకు జొరమొస్తే ఇంత సేవ సేసినావా?" అని ఆమె భర్త తవిటినాయుడు వేళాకోళం చేసేవాడు.

ఒక ఏడు ఆ చెట్లు మొదటిసారి పిందెలు వేశాయి. పొరుగింటి నూకాలు గోడ అవతల గిన్నెలు తోముకుంటూ వాటిని చూసి, "ఎంత ముద్దుగున్నాయే వొదినా" అంది. ఆ సాయంత్రమే వడగళ్లు పడి పిందెలన్నీ రాలిపోయాయి. ఆ వడగళ్లకు ఊళ్లో సగం ఇళ్ల పెంకులు కూడా పగిలాయి. అయినా పైడమ్మ దృష్టిలో తప్పంతా నూకాలు కంటిదే.

తవిటినాయుడికి ఓపిక పోయింది.

"కొట్టం ఇరుకైపోనాది. వొచ్చే ఏడు కూడా కాయకపోతే సెట్లు కొట్టించీసి అక్కడే పశువుల పాక ఏసెస్తాను. తరవాత నన్నేటనకు" అన్నాడు.

అతను ఒకసారి అన్నాడంటే అన్నట్టే. పైడమ్మ గుండెలో రాయి పడింది.

మళ్లీ చలి తగ్గి ఎండ ముదిరేవేళకు చెట్లు విరగబూశాయి. లేత గులాబీ పూలతో కొమ్మలు నిండిపోయాయి. అంత పూత చూసి పైడమ్మ సంతోషించాలా? ఆమెకు వణుకు పుట్టింది. పెట్టెలో ఉన్న పాత చీరలన్నీ బయటికి తీసింది. వెదురు గడలు పాతి, చెట్ల చుట్టూ, పైనా ఎక్కడా సందు లేకుండా చీరలు కప్పి ముడులు వేసింది. అది చాలదన్నట్టు ముందు ఒక దిష్టిబొమ్మను నిలబెట్టింది. ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్లింది.

"నూకాలొదినా, పూత పిందయ్యే వరకూ మా పెరడు కేసి సూడకు. నీ కన్ను మంచిది కాదు" అని మొహం మీదే అనేసింది.

"సర్లే వొదినా" అని నూకాలు గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి గోడ మీదుగా మాటా మంతీ ఆగిపోయాయి. పైడమ్మకు లోపల ఎక్కడో కలుక్కుమంది. చెట్లు దక్కితే చాలులే అని సర్దిచెప్పుకుంది.

రోజూ పొద్దున్నే ఆమె చీర అంచు కాస్త ఎత్తి లోపలికి తొంగిచూసేది. రోజూ పూరేకులు నేల మీద పడి ఉండేవి. కొమ్మల మీద ఒక్క పిందె కూడా కనిపించేది కాదు. తవిటినాయుడూ చూశాడు. పాకకు కావలసిన తాటాకులు తెచ్చి పెరట్లో పడేశాడు.

"రేపు మనుసుల్ని రమ్మన్నాను. నీ సీరలు ఇప్పీసుకో" అన్నాడు.

పైడమ్మ ఏడుస్తూనే ముడులు విప్పడం మొదలుపెట్టింది. గోడ వైపు మనిషి పట్టడానికే ఇరుకు. చీరలు కట్టిన రోజు తర్వాత ఆమె అటు వెళ్లనే లేదు. ఇప్పుడు పక్కవాటుగా దూరి చూస్తే, అక్కడి చీర ఎండకు చివికి నిలువునా చిరిగిపోయి ఉంది. ఆ చిరుగులోంచి ఒక్కో చెట్టుదీ ఒక్కో కొమ్మ బయటికి వచ్చి గోడ మీదికి వాలి ఉంది. ఆ రెండు కొమ్మల నిండా శనగగింజలంత పిందెలు.

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలితో తాకింది. పిందెలు గట్టిగా, పచ్చగా ఉన్నాయి. తలెత్తితే ఎదురుగా నూకాలు గిన్నెలు తోముకునే చోటు. ఊరందరికీ కనబడకుండా దాచిన కొమ్మలన్నీ బోసిపోయాయి. ఎవరి కన్ను పడకూడదనుకుందో ఆవిడ కళ్లెదుట ఉన్నవి మాత్రం కాశాయి. పైడమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తిన్నగా నూకాలు ఇంటికి వెళ్లింది.

"వొదినా, నీ కంటి ముందరున్న కొమ్మలే కాసినాయి. నానన్న మాట మనసులో ఎట్టుకోకు" అంది తల వంచుకుని.

"అయితే రోజూ వొచ్చి సూసి పొమ్మంటావేటి?" అంది నూకాలు. అలా అంటూనే నవ్వేసింది. "నా కళ్లలో ఏటుంది వొదినా? ఆ కొమ్మల మీద తేనెటీగలు ఒకటే ముసురు. ఈ సెట్టు పుప్పొడి ఆ సెట్టుకి అవే మొయ్యాల. సుట్టూ సీరలు కట్టెస్తే అవెలాగొస్తాయి?"

"మరి అప్పుడే సెప్పలేదేటి?"

"నువ్వు సూడొద్దన్నావు కదా. సూడకుండా ఎలా సెప్పేది?"

ఇద్దరూ కలిసి వచ్చి మిగిలిన చీరలన్నీ లాగేశారు. కొమ్మల చివర ఇంకా విచ్చుకోని మొగ్గలు కొన్ని ఉన్నాయి. తవిటినాయుడు గోడ వైపు వెళ్లి పిందెలు చూశాడు. కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"రేపు మనుసుల్ని రావొద్దని సెప్పొస్తాను. పాక ఇంటెనక ఏసుకుందాం" అన్నాడు.

పైడమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. ఎన్నాళ్ల తర్వాతో గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. మర్నాటి నుంచి మిగిలిన మొగ్గలు విచ్చుకున్నాయి, తేనెటీగలు వచ్చాయి, పిందెలు కట్టాయి. దారినపోయేవాళ్లు ఆగి బాగున్నాయంటే ఆమెకు గుండె ఝల్లుమనేది. అయినా ఓర్చుకుని, "రండి, దగ్గరికొచ్చి సూడండి" అనేది.

కీడు రాకూడదని అందరికీ అడ్డంగా తెర కట్టుకుంటే, మేలు కూడా ఆ తెర బయటే ఆగిపోతుంది.