మూరబండ గంగమ్మ: ఇంకొక మూర

మూరబండ గంగమ్మ తల్లిని దర్శించుకోవడానికి వచ్చే భక్తులు రోడ్డు మీద బస్సు దిగి, రెండు మైళ్ళు ఎర్రనేలలో నడవాలి. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన చెంబెడు నీళ్ళు ఉంటాయి. ఎంత ఎండ కాసినా ఆ నీళ్ళు తాగరు. దారి చివర గోపురం కనిపించదు, ధ్వజస్తంభమూ ఉండదు. నేలలోకి దిగే మెట్లబావి, దాని గట్టున మూరెడు మందం గల నల్లబండ, అంతే. తెచ్చిన నీళ్ళు ఆ బండమీద పోసి, ఎండిన నాలుకతో మెట్లు దిగాలి. లోపల గోడ గూటిలో అమ్మ కొలువై ఉంటుంది. విగ్రహం మూరెడే. ముఖం పొగచూరిన నలుపు, ఎడమ భుజాన గడ్డపార గాటు. ఆ గాటుకు ఎప్పుడూ పసుపుగుడ్డ కట్టి ఉంటుంది. అమ్మ పాదాల కిందే నీళ్ళు. అక్కడ దోసిలి పట్టి తాగిన మొదటి గుక్కే ఈ క్షేత్రంలో తీర్థం.

ఆ గాటు ఎలా పడింది, ఆ నలుపు ఎందుకు పోదు, దాహంతో వచ్చినవాళ్ళు నీళ్ళెందుకు పారబోస్తారు అన్నది మా ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న కథ. మా అవ్వ నాకు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం మా పల్లె ముప్పై గడపలది. ఒకప్పుడు వరుసగా మూడేళ్ళు వాన పడలేదు. ఉన్న ఒక్క చెలమ కూడా ఎండిపోవడంతో ఆడవాళ్ళు తెల్లవారుజామున బయలుదేరి, కొండ అవతలి వాగు నుంచి మధ్యాహ్నానికి ఒక్కో కడవ తెచ్చుకునేవారు. ఊరిపెద్ద నారపరెడ్డి అందరినీ కూర్చోబెట్టి, "ఉగాది దాకా చూద్దాం. ఆలోగా ఇక్కడ నీళ్ళు పడకపోతే బండ్లు కట్టుకొని పోదాం. ఈ నేలను నమ్ముకొని పిల్లల్ని చంపుకోలేం" అన్నాడు.

బావి తవ్వే పని ఓబన్న, తిప్పక్క అనే వడ్డె దంపతులు చేపట్టారు. ఓబన్న లోపల గడ్డపారతో తవ్వేవాడు, తిప్పక్క తట్టలతో మన్ను ఎత్తేది. పద్నాలుగో మూరలో గడ్డపార ఖంగుమంది. మన్ను తోసి చూస్తే రాతిలో అమ్మవారి ముఖం! దెబ్బ భుజానికి తగిలింది. ఓబన్న గడ్డపార పారేసి, "తల్లీ, కనపడక తగిలింది, మన్నించు" అని చెంపలు వేసుకున్నాడు. తిప్పక్క తన కొంగు చింపి, పసుపు అద్ది ఆ భుజానికి కట్టింది. గోడలో గూడు తొలిచి అమ్మను నిలిపారు.

గంగమ్మే వచ్చింది, ఇక గంగ రాదా అని ఊరంతా సంబరపడింది. కానీ ఆ అడుగున తగిలింది నీళ్ళు కాదు, కొండరాయి. దాన్ని కొట్టబోతే జారిన రాయి పడి ఓబన్న కాలు నలిగింది. ఆయన మంచాన పడ్డాడు. పని ఆగిపోయింది.

ఆనాడు మిట్టమధ్యాహ్నం తిప్పక్క బావిగట్టున తట్ట మీద తల పెట్టి కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కనిపించింది. భుజాన పసుపుగుడ్డ కట్టు ఉంది. "ఇంకొక మూర" అని మాత్రం చెప్పి పోయింది.

తిప్పక్క గడ్డపార అందుకుంది. పక్కింటి సుంకమ్మ చూసి ఊరుకుంటుందా?

"ఏమమ్మే, ఆడది బావిలో దిగి గడ్డపార పడితే గంగ పాతాళానికి పోతాదంట!"

"ఇప్పుడు యాడుందత్తా? పాతాళంలోనే గదా. ఇంక అంతకంటే కిందికి యాడికి పోతాది?" అని తిప్పక్క తాడు పట్టుకొని దిగింది.

ఆ ఒక్క మూర తవ్వడానికి పది రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. తన మోచేతి నుంచి వేలికొస దాకా పెట్టి కొలుచుకుంది. మూర నిండింది, నీటి చెమ్మ లేదు. మళ్ళీ కల వచ్చింది. మళ్ళీ అదే మాట. రెండో మూరా అయింది. మూడో మూరా అయింది. "మీ దేవతకు మూర తప్ప వేరే లెక్క రాదేమో" అని ఊరు నవ్వింది. మంచంలో ఉన్న ఓబన్న మాత్రం రోజూ గడ్డపార మొనలు సానపట్టి ఇచ్చేవాడు.

ఉగాదికి రెండు రోజుల ముందు ముసలమ్మ నాలుగోసారి కలలోకి వచ్చింది. తిప్పక్కకు ఓర్పు చచ్చిపోయింది. "ఎన్నిసార్లంటావమ్మా ఇంకొక మూర, ఇంకొక మూర అని? ఎన్ని మూరలో మొదటే చెప్పకూడదా?" అని నిలదీసింది.

ముసలమ్మ నవ్వి, "మొదటే చెప్పుంటే మొదటి మూర తవ్వేదానివా?" అంది.

తిప్పక్క లేచి చూసేసరికి ఊళ్ళో బండ్లకు సామాన్లు ఎక్కిస్తున్నారు. బావి అడుగున రాయికి ఇక గడ్డపార దిగడం లేదు, మొన వంగిపోతోంది. అలాంటి రాతికి వడ్డెవాళ్ళ దగ్గర ఒక్కటే ఉపాయం. బండ మీద మంట పెట్టి ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్ళు గుమ్మరిస్తే రాయి పగులుతుంది. కట్టెలకు తన గుడిసె వాసాలే పీకింది. మరి నీళ్ళు?

"అమ్మను పైకి తీద్దాం, పొగ తగుల్తాది" అన్నాడు మంచంతో సహా గట్టుకు మోయించుకున్న ఓబన్న.

"వద్దు మామా. ఆమె చెప్పిన మూరే గదా, ఆమె కూడా రోంత వేడి చూడనీ" అంది తిప్పక్క.

రోజంతా, మర్నాడు పొద్దెక్కేదాకా మంట మండింది. తర్వాత దారికని దాచుకున్న తమ ఇద్దరి కడవ తెచ్చి తిప్పక్క పైనుంచి కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. రాయి కదల్లేదు. ఆమె ఊరివైపు తిరిగి చేతులు జోడించింది. ప్రతి ఇంటికీ మిగిలింది ఒక్కో కడవ, ప్రయాణానికి దాచుకున్న ప్రాణం అది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు సుంకమ్మ, అందరికంటే ఎక్కువ నవ్వినావిడ, బండిలోంచి తన కడవ దించింది. "నాకు అరవై ఏండ్లు. ఈ కడవ తాగితే ఇంకో రెండు రోజులు బతుకుతా. పోస్తే ఏమవుతాదో చూసి పోతా" అని కుమ్మరించింది. వెనకే ఇంకొకరు, ఇంకొకరు. ఆఖరున నారపరెడ్డి తన కడవ తానే మోసుకొచ్చాడు. ఆ కడవ పడ్డప్పుడు భూమి లోపల పిడుగు పడ్డట్టయింది. బండ నిలువునా చీలింది.

అందరూ వంగి చూశారు. చీలికలో నీళ్ళు లేవు. ఊళ్ళో ఒక్క చుక్క కూడా మిగల్లేదు. నారపరెడ్డి నెత్తిన చేతులు పెట్టుకొని కూలబడ్డాడు. ఎవరో ఏడుపు అందుకున్నారు.

రాయి చల్లారేదాకా ఆగి, తిప్పక్క తాడు పట్టుకొని దిగింది. పొగకు నల్లబడిన అమ్మ ముఖం వంక చూసి, ఈసారి తానే అంది: "ఇంకొక మూర." చీలికలో గడ్డపార దింపి, ఒంటి బరువంతా వేసి ఎత్తింది. బండ ముక్క కదిలింది. దాని కింద నుంచి చల్లగా ఏదో ఆమె కాలివేళ్ళను తాకింది.

"ఓబన్న మామా! గంగ! గంగొచ్చింది!"

ఆ కేక విని కట్టిన ఎద్దులు కూడా బెదిరాయట. నీళ్ళు మోకాళ్ళు దాటి, నడుము దాటి పొంగాయి. తిప్పక్కను తాళ్ళతో పైకి లాగారు. నీళ్ళు అమ్మ పాదాల దాకా వచ్చి నిలిచాయి. అంతకు పైకి నేటికీ రాలేదు, ఏ కరువులోనూ అంతకు కిందికి దిగలేదు. తొలి కడవ సుంకమ్మకు ఇచ్చారు. ఆవిడ తాగి, మూతి తుడుచుకొని, "ఆడది పట్టిన గడ్డపార కదా, నీళ్ళు తియ్యగానే ఉండాయి" అందట. మర్నాడు ఉగాది పచ్చడి ఆ నీళ్ళతోనే కలిపారు. బండ్లు విప్పారు. ఒక్క ఇల్లూ కదల్లేదు.

తర్వాత ఊరంతా కలిసి మెట్లు కట్టింది. చీలిన బండలోంచి మూరెడు మందం ముక్కను పైకి లాగి గట్టున నిలిపారు. పల్లె పేరు ఆనాటి నుంచి మూరబండ. ఉగాది ముందు రోజు నారపరెడ్డి వంశంవారు బండమీద తొలి కడవ పోస్తారు. ఆ వెనక భక్తులందరూ తమ చెంబులు వంచుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు చెంబులో కొంచెం దాచుకోబోతారు. మేం ఏమీ అనం. అమ్మ వైపు చూపిస్తాం, వాళ్ళే వంచేస్తారు.

ఈ గుడిలో పూజ తిప్పక్క వంశంలోని ఆడవాళ్ళది. బిడ్డ జబ్బుతో ఉన్నదని, పంట పోయిందని, పదిసార్లు ప్రయత్నించినా పని కాలేదని చెప్పుకొని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుంటాం. పసుపుదారాన్ని మా మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, తెంపి, వాళ్ళ చేతికి కడతాం. ఎన్నాళ్ళకు తీరుతుందమ్మా అని అడుగుతారు. అది తిప్పక్కకే చెప్పలేదు, మాకెలా తెలుస్తుంది? తీర్థం తాగించి, ఖాళీ చెంబు నిండా బావినీళ్ళు ముంచి ఇచ్చి, అమ్మ మాటనే వాళ్ళ చెవిలో చెబుతాం.

"ఇంకొక మూర."

వాళ్ళు మెట్లెక్కి పోతారు. మరుసటి ఉగాదికి వాళ్ళలో చాలామంది నవ్వు ముఖాలతో, ఇంటి నీళ్ళతో తిరిగి వస్తారు.