ఇప్పపువ్వు నేలకి దిగిన వేళ

ఒకప్పుడు ఇప్పచెట్టు దేన్నీ రాల్చేది కాదు. ఆకు ఎండినా కొమ్మ మీదే, పువ్వు పండినా కొమ్మ మీదే. పట్టుకున్నదాన్ని వదలడం దానికి తెలీదు.

వేసవి వచ్చిందంటే కొండ మీద వాగులు సన్నబడేవి. గడ్డి ఎండిపోయేది. సరిగ్గా అప్పుడే ఇప్పచెట్టు నెత్తిన పూలు విచ్చేవి. మీగడ రంగు పూలు, ఒక్కొక్కటీ తేనె పోసిన చిన్న బుంగలా ఉండేది. ఆ వాసన గాలెక్కి లోయంతా తిరిగేది. అది పీల్చిన లేళ్లు నడుస్తూ నడుస్తూ కలలు కనేవి. పిట్టలు పాట మధ్యలో ఆగిపోయి, ఎక్కడ ఆపామో మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి పాడేవి.

వాసన అందరిదీ. పువ్వు మాత్రం ఎక్కగలిగినవాళ్లది. అంటే ఎలుగుబంటిది.

ఆ చెట్టు పక్కన గుడిసెలో బుద్రి అనే ముసలమ్మ ఉండేది. కొడుకు వెదురు నరకడానికి అవతలి కొండకి పోయాడు. కోడలు సుక్రి పది రోజుల బాలింత. కుండలో చోళ్ల గింజలు అయిపోయాయి. తల్లికి తిండి లేక చంటిదానికి పాలు చాలడం లేదు. అది ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది.

"అత్తా, ఆ వాసనకే నాకు కడుపు నిండినట్టుంది" అంది సుక్రి, నవ్వబోయి.

"వాసనకి పాలు పడతాయేటే పిల్లా!" అని బుద్రి కసురుకుంది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ చెట్టు కిందికి పోయింది.

పైన ఎలుగుబంటి కొమ్మ మీద చతికిలబడి పూలు నములుతోంది.

"అల్లుడూ! నాలుగు పూలు ఇలా పడెయ్యి. ఇంట్లో బాలింత ఉంది."

"ఎక్కినోడిదే పువ్వు అత్తా. నువ్వూ ఎక్కు."

"ఎక్కి పడ్డదాన్నేరా! ఆ పడ్డంతోనే ఈ కాలు ఇలాగైంది. నీ పొట్ట పగల!"

ఎలుగు పకపకా నవ్వింది. బుద్రికి ఒళ్లు మండింది. కర్రతో చెట్టు మొదలు మీద ఠపీమని కొట్టింది.

"ఏం ఇప్పా, నీకు కళ్లు లేవా? ఎక్కే బలం ఉన్నవాళ్లే తినాలా? మిగతావాళ్లు వాసన చూసి చావాలా? ఒక్క పువ్వు వదిలితే నీ సొమ్మేం పోతుంది?"

చెట్టు మెల్లగా అంది: "పిసినారితనం కాదు బుద్రీ. భయం. నా మీదినుంచి పడింది ఇప్పటిదాకా ఒక్కటే. నువ్వు. నీ ఎముక విరిగిన చప్పుడు నా వేళ్లకి వినపడింది. పడితే విరుగుతుంది. నా పూలని ఎలా పడనివ్వను?"

బుద్రి కోపం చల్లారిపోయింది. తన కోసం ఒక చెట్టు ఇన్నేళ్లు బాధపడిందని ఆమెకి తెలీదు. అక్కడే కూలబడి మొదలు మీద చెయ్యి వేసింది.

"పిచ్చిదానా! పడ్డందుకు విరగలేదు నేను. కింద బండరాయి ఉంది, అందుకు విరిగాను. నేల సంగతి నాకొదిలెయ్యి."

కొండచీపురు కట్ట తెచ్చింది. రాళ్లు ఏరి అవతల పారేసింది. ముళ్లు పీకింది. నడుం పట్టేస్తే కాసేపు కూర్చుని, మళ్లీ ఊడ్చింది.

"ఇల్లు ఊడ్చుకునే ఓపిక లేదు గానీ, అడవి ఊడుస్తోంది!" అని ఎలుగు పైనుంచి వెక్కిరించింది.

"నోరు మూసుకుని మేత మెయ్యి."

సాయంత్రానికి చెట్టు ధైర్యం చేసి ఒక ఆకు వదిలింది. ఆకు తిరిగి తిరిగి వచ్చి నేల మీద వాలింది. బుద్రి దాన్ని ఎత్తి చూపించింది. "విరిగిందా?"

"లేదు" అంది చెట్టు. ఇంకోటి వదిలింది. పొద్దు గూకేలోగా ఆకులన్నీ వదిలేసి ఒట్టి కొమ్మలతో నిలబడింది. బుద్రి వాటినీ ఊడ్చి పక్కకి తోసింది.

పూలు మాత్రం కదల్లేదు. "ఆకు తేలిక. పువ్వు బరువు, రసం నిండి ఉంది. వెలుగులో చూస్తే ఎంత ఎత్తో తెలిసి వాటికి కళ్లు తిరుగుతున్నాయి" అంది చెట్టు.

"అయితే చీకట్లో దిగమను."

"చీకట్లో నువ్వు ఊడ్చిన నేల కనపడదే!"

బుద్రి ఆలోచించింది. "వెలుగూ చీకటీ కాని వేళ ఒకటుంది. అప్పుడు నేల కనపడుతుంది, ఎత్తు కనపడదు. మొదటి పువ్వు నా ఒళ్లో వెయ్యి."

కోడి కూసే వేళకి వచ్చి కొంగు పరుచుకుని కూర్చుంది. లోయలోంచి మంచు పాలపొంగులా పైకి లేచింది. కొండలు దాని మీద తేలాయి. ఎక్కడ నేలో ఎక్కడ ఆకాశమో తెలీని ఆ వెలుతుర్లో, పైన ఒక పువ్వు కళ్లు మూసుకుని చెయ్యి వదిలేసింది.

టప్.

బుద్రి ఒళ్లో పడింది. చెక్కుచెదరలేదు.

"దిగండర్రా, మెత్తగానే ఉంది!" అని ఆ పువ్వు పైవాళ్లని కేకేసింది. ఇక చూడండి! టప్, టప్, టప్. చెట్టు చుట్టూ నేల వెన్నెల పరిచినట్టైంది.

కొమ్మలు ఖాళీ అయిపోతుంటే ఎలుగు తెల్లబోయి, జరజరా కిందికి జారింది. "అత్తా... మరి నాకో?"

"వంగు అల్లుడూ. వంగి ఏరుకుంటే నీకూ ఉన్నాయి."

బుద్రి పూలు ఉడికించి సుక్రికి పెట్టింది. సుక్రి రెండు పూటలు కడుపు నిండా తింది. మర్నాటికి పాలు పడ్డాయి. చంటిది తాగి, బలం తెచ్చుకుని, అడవి లేచేటట్టు గుక్కపెట్టింది. ఆ ఏడుపు వింటూ అత్తాకోడళ్లు పడీపడీ నవ్వారు.

అప్పటినుంచే ఇప్పచెట్టు ముందు ఆకులన్నీ రాల్చి, తర్వాత తెల్లవారుజామున పూలు వదులుతోంది. కొండ మీది ఆడవాళ్లు ఇప్పటికీ పూలు రాలే ముందు చెట్టు కింద నేలని శుభ్రంగా ఊడుస్తారు. ఇప్పపువ్వు కోసం ఎవరూ చెట్టెక్కరు. వంగితే చాలు.