రెండేళ్ళ పెద్దరాజు

పొద్దు వాలింది. మధ్యాహ్నం నుంచి పట్టిన ముసురు ఇప్పుడే తెరిపిచ్చింది. దుప్పట్లు కప్పుకున్నారా? అయితే వినండి.

అనగనగా తూర్పు సముద్రానికి ఆవల, వియత్నాం అనే దేశంలో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆ పల్లెలో లామ్ వారని జాలరులు. లామ్ అన్నది వాళ్ళ ఇంటిపేరు. ఇది ఉత్త కథ సుమా, రేపు బళ్ళో మాస్టారిని ఏ పుస్తకంలో ఉందని అడిగి అమ్మమ్మ పరువు తీయకండి.

ఆ లామ్ వారు రాజులెలా అయ్యారంటే, వల వేసి చేపలు పట్టారు. చేపలు ఎండబెట్టి ఉప్పుకు మార్చుకున్నారు. ఉప్పు అమ్మి పడవలు కట్టుకున్నారు. శత్రువులు తరిమితే పారిపోయి వచ్చిన రాజును ఆ పడవల్లో దాచారు. దాచినందుకు రాజు తన ఒక్కగానొక్క కూతుర్ని వాళ్ళ కుర్రాడికిచ్చాడు. ఆ కూతురు తనకొచ్చిన గద్దెను మొగుడికిచ్చింది. అంతే, నిన్నటిదాకా గాలం పట్టిన చేతిలో రాజదండం. ఊ కొడుతున్నారా?

గద్దె ఎక్కగానే ఆ మొదటి లామ్ రాజుకి ఒక భయం పట్టుకుంది. మనం అల్లుడిగా వచ్చి ఎక్కాం, రేపు మన మీదికి ఇంకో అల్లుడో వియ్యంకుడో వస్తే ఎలా అని. అందుకని రెండు కట్టుబాట్లు పెట్టాడు. పెళ్ళిళ్ళన్నీ ఇంట్లోవాళ్ళతోనే చేసుకోవాలన్నాడు. మన మేనరికాలనుకునేరు, కాదు, పెదనాన్న పిల్లల్నీ బాబాయి పిల్లల్నీ కూడా చేసుకునేవారు. ముక్కు మీద వేలేసుకోకండి, వాళ్ళ దేశం, వాళ్ళ తీరు. ఇక రెండోది, రాజు ముసలయ్యేదాకా గద్దె పట్టుకు వేళ్ళాడకూడదు. కొడుక్కి మీసం రాగానే అప్పజెప్పి, తను ఏటి ఒడ్డునున్న సొంత పల్లెకు పోవాలి. అలా దిగినవాణ్ణి పెద్దరాజు అంటారు. కొత్తరాజు ఊరందరి ముందూ పెద్దరాజుకు మోకరిల్లాలి. ఆయనకూ ఆయన వెంట పోయినవాళ్ళకూ చీమ కుట్టినా గద్దె మీదున్నవాడు రాజు కాడు, జనమే లాగి దించుతారు.

ఈ ఏర్పాటు బాగానే సాగింది. పల్లెలో తాత చేపలు పట్టేవాడు, కోటలో మనవడు తీర్పులు చెప్పేవాడు, ఆ తీర్పు నచ్చకపోతే తాత చేపలబుట్టతో సహా కోటకొచ్చి చీవాట్లు పెట్టేవాడు. ఉత్తరం నుంచి గుర్రాల దండు వచ్చిపడితే, ఏట్లో ఆటు వచ్చి నీళ్ళు తీసేదాకా ఊరించి, బురదలో దింపి, వచ్చినదారినే పంపారు. జాలరి తెలివి మరి.

ఇప్పుడు లియెన్ సంగతి. లియెన్ ఆ ఇంట్లోనే పుట్టి ఆ ఇంట్లోనే మెట్టింది. నలభై దాటాయి. మొగుడు, రాజు, విషజ్వరం వచ్చి పోయాడు. ఆ దెబ్బకు ఆమెకు మాట తగ్గిపోయింది. కొడుకు బావ్ గద్దె ఎక్కాడు. పెళ్ళి చేద్దామంటే ఇంట్లో ఈడైన పిల్ల లేదు. ఒకత్తె పాలు తాగుతోంది, ఇంకొకత్తెకు పళ్ళూడాయి. చేసేదిలేక బయట పిల్లను తెచ్చారు. మంత్రి కియెమ్ కూతురు, హువే. బంగారం లాంటి పిల్ల. ఏడాది తిరిగేసరికి కొడుకును కన్నది.

మనవడికి రెండేళ్ళు నిండిందే తడవు, కియెమ్ బావ్ చెవిలో చేరాడు. మీ ముత్తాత నలభైకి పెద్దరాజయ్యాడు, మీ తాత ముప్పైఅయిదుకి అయ్యాడు, బాబూ, ఇరవైకే అయితే మిమ్మల్ని మించినవాడు మీ వంశంలో ఉంటాడా అన్నాడు. బావ్ ఉబ్బిపోయాడు. ఇంకో ఇంట్లో కుర్రాణ్ణి దిగమంటే కొట్టడానికొస్తాడు. ఈ ఇంట్లో దిగడమే గొప్ప కదా. కొడుక్కి మీసం రావాలన్న మాట మరిచి, పరుగున వెళ్ళి దిగాడు. రెండేళ్ళవాణ్ణి గద్దె మీద దిండేసి కూర్చోబెట్టారు. వాడు దిండు దూది పీకుతుంటే కియెమ్ పక్కన నిలబడి రాజ్యం ఏలాడు.

మరి బావ్ పల్లెకు పోవాలిగా. రేపు వెళ్దురుగాని, ఎల్లుండి వెళ్దురుగాని అంటూ తోటలో కాపలా మధ్య ఉంచాడు మంత్రి. ఊరందరి ముందూ మోకరిల్లడం కూడా వాయిదా వేశాడు. ఇదేమిటని అడిగిన బావ్ చిన్నాన్న గుర్రం మీంచి పడి చచ్చిపోయాడన్నారు. ఆయన పుట్టి బుద్ధెరిగి గుర్రమెక్కలేదు.

లియెన్‌కు అర్థమైంది. పసివాడు గద్దె మీద ఉన్నన్నాళ్ళే తన వాళ్ళ ఊపిరి. వియ్యంకుడు తనే ఎక్కిన రోజున లామ్ వారి ఇంట్లో దీపం పెట్టే దిక్కుండదు. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి నేరుగా కియెమ్ ఇంటికే వెళ్ళింది.

"అన్నయ్యగారూ, ఆ గద్దె మీకు కావాలి," అంది.

"ఎంత మాట చెల్లెమ్మగారూ, ఏదో మనవడి తరఫున చూస్తున్నాను."

"తీసుకోండి."

కియెమ్ తాంబూలం నమలడం ఆపాడు.

"దొంగచాటుగా తీసుకుంటే ఊరు ఒప్పదు," అంది లియెన్. "మా పద్ధతిలో ఇస్తాం. పట్టపగలు, ఏటి రేవులో. బాబు దిగుతాడు, మీరెక్కండి. మేం పల్లెకు పోతాం."

"మేమంటే?"

"ఇంటిల్లిపాదీ."

కియెమ్ మనసులో అప్పుడే కిరీటం దిద్దుకుంటున్నాడు. సరేనన్నాడు. దిగిన రాజు పెద్దరాజవుతాడని, తనే మోకరిల్లాలని, ఆ సంబరంలో తోచనే లేదు. చూశారా, పక్కింటి ఆచారం తన మెడకు చుట్టుకోదనుకుంటే ఇలాగే ఉంటుంది.

బావ్ మాత్రం తల్లి మీద ఎగిరాడు. ఇన్ని తరాల గద్దె, ఒక్కమాటతో ఇచ్చేశావే అన్నాడు.

"గద్దె వడ్రంగి చేశాడు," అంది లియెన్. "నిన్ను నేను కన్నాను. పడవెక్కు."

రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం. పసివాణ్ణి దించారు. కియెమ్ ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే జనమంతా పెద్దరాజుకు దండం, పెద్దరాజుకు దండం అని కేకలు. కియెమ్ ముఖం నల్లబడింది. కానీ ఏం చేస్తాడు, అన్ని వేల కళ్ళు. దిగివచ్చి మోకరిల్లాడు. పెద్దరాజుగారికి తాత గుర్రం ఆట ఆడుతున్నాడనిపించింది. మెడెక్కి, గడ్డం కళ్ళెంలా పట్టుకుని, చల్ చల్ అన్నాడు. ఆ గడ్డం విడిపించేసరికి కొత్తరాజుకు చెమటలు పట్టాయి. పెద్దరాజును, ఆయన వెంట పోయేవాళ్ళను కంటికి రెప్పలా కాస్తానని ఆ భంగిమలోనే ఒట్టేశాడు. జనం ఒకటే నవ్వు.

పడవలు కదిలే వేళకు కియెమ్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. నువ్విప్పుడు రాజు కూతురివి, ఆ చేపలకంపులోకి పోతావా, లోపలికి పద అన్నాడు. హువే తండ్రిని చూసింది, అత్తను చూసింది. లియెన్ రమ్మని పిలవలేదు. కన్నతండ్రి కదా, ఏ నోటితో పిలుస్తుంది. ఆటు తీస్తోంది, ఆగితే పడవలు బురదలో కూరుకుపోతాయి. ఒక్క చిన్న పడవను రేవులో వదిలి మిగతావన్నీ సాగాయి. పసివాడు దారంతా అమ్మేదని అడుగుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి పల్లె చేరారు. ముసలాళ్ళను దించారు, మూటలు దించారు. లియెన్ మోకాటిలోతు బురదలో నిలబడి ఏటి పైకే చూస్తోంది. చాలాసేపటికి ఓ చిన్న పడవ కనబడింది. ఈ ఒడ్డుకు కాసేపు, ఆ ఒడ్డుకు కాసేపు, తనచుట్టూ తను తిరుగుతూ వస్తోంది. జన్మలో తెడ్డు ముట్టని చెయ్యి వేస్తోంది మరి.

"అత్తయ్యా, దీన్ని ఆపడం ఎలాగో చెప్పండి ముందు," అంది పడవలోంచి హువే.

లియెన్ నడుంలోతు దాకా వెళ్ళి పడవను పట్టుకుంది.

ఆ తర్వాతేముంది, బావ్ వల వేయడం నేర్చుకున్నాడు. కియెమ్ ఏటేటా పడవనిండా బియ్యం పంపి, మనవడికి దండం పెట్టి పోయేవాడు. పోతే పోయేవాటిని పోనిచ్చి, మనుషుల్ని పట్టుకోవాలర్రా. కథ కంచికి పడవెక్కేసింది, మీరూ కళ్ళు మూసుకోండి. లియెన్ మాత్రం ఇంకా పల్లె రేవులోనే ఉంది, తన వాళ్ళను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ. బావ్ వచ్చాడు. పళ్ళూడిన పెద్దమ్మ వచ్చింది. అప్పుడు పాలు తాగిన పిల్ల వచ్చింది. చిన్నాన్న పెళ్ళాం వచ్చింది, చిన్నాన్న రాలేదు. పెద్దరాజుగారు వచ్చారు, నిద్రపోయారు. హువే వచ్చింది.