నూటికి ఇరవై

అమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కి దాచిన డబ్బులో సగం ఆదివారం మధ్యాహ్నం రెండు నిమిషాల్లో పోయింది. సోమవారం పొద్దున్నే నరహరి గురువుగారి గుమ్మంలో నిలబడ్డాడు.

నరహరి ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. అతని గురువు యాసీన్ సాహెబ్ మలక్‌పేటలో, గుర్రప్పందాల మైదానం వెనక సందులో గుర్రాలకి జీన్లు కుడతాడు. వయసు డెబ్బై ఆరు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఒక బుకీ దగ్గర ధరలు కట్టే పని చేశాడు. పందెం మొదలయ్యే ముందు ఏ గుర్రానికి ఎంత ధర పెట్టాలో ఆయన చెప్పేవాడు, బోర్డు మీద అదే రాసేవారు. తను మాత్రం జన్మలో ఒక్క రూపాయి కాయలేదు.

ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందరూ ఒకటే అడుగుతారు, ఏది గెలుస్తుందని. వాళ్ళకి టీ తాగించి పంపేస్తాడు. రెండేళ్ళ కిందట నరహరి వచ్చి, "దేనికి ఎంత అవకాశం ఉందో ఎట్లా తెలుస్తది?" అని అడిగాడు. యాసీన్ సాహెబ్ సూది ఆపి అతన్ని తేరిపార చూశాడు. పక్కనున్న తోలుముక్కలు జరిపి చోటిచ్చాడు.

అప్పటినుంచి ఆయన చెప్పిందల్లా ఒకటే. ప్రతి పందెంలోనూ నూరు ఉంటుంది. దాన్ని గుర్రాలకి పంచు. ఎవరికీ ఎక్కువ ఇవ్వకు, ఎవరికీ ఎగ్గొట్టకు. నూటికి ఇరవై వచ్చిన గుర్రానికి న్యాయమైన ధర, పెట్టిన రూపాయి కాక, రూపాయికి నాలుగు. బోర్డు మీద ఆరుంటే కాసుకో. మూడే ఉంటే చూసి సంతోషించు.

నరహరికి అది బాగా పట్టుబడింది. గుర్రం మోసే బరువు, పరుగు దూరం, నేల తడి, జాకీ చెయ్యి, అన్నీ చూసి పంచేవాడు. న్యాయమైన ధర కట్టి, బోర్డు అంతకంటే ఎక్కువ ఇస్తేనే కాసేవాడు. స్టాఫ్ రూములో తనంత లెక్కగా ఆడేవాడు ఈ ఊళ్ళో లేడని కూడా ఒకసారి అన్నాడు.

ఆదివారం నీలాంబరి అనే ఆడగుర్రానికి నూటికి అరవై ఇచ్చాడు. బోర్డు రూపాయికి రూపాయి ఇచ్చింది. అంత మంచి ధర మళ్ళీ రాదనిపించింది. నీలాంబరి మెడ తేడాతో ఓడిపోయింది.

"నా లెక్క ఎక్కడ తప్పింది ఉస్తాద్?"

"తప్పిందని ఎవరు చెప్పిన్రు?"

"ఓడింది కదా."

"నూటికి అరవై అన్నవు. అంటే నలభై సార్లు ఓడుతదని నువ్వే చెప్పినవు. నిన్న ఆ నలభైలో ఒకటి."

నరహరికి అది ఓదార్పులా వినిపించింది. ధైర్యం వచ్చింది. "అయితే వచ్చే ఆదివారం మిగతా సగం పెడతా. ఇంకో గుర్రం ఉంది. దానికీ అరవై."

యాసీన్ సాహెబ్ దారం పళ్ళతో కొరికాడు. "అది అరవై అని నీకెట్ల తెల్సు?"

నరహరి ఆ ప్రశ్న తనకి తాను వేసుకుని చూశాడు. నిజమే. ఒక పందెం ఒకసారే జరుగుతుంది. గెలిస్తే అరవై నిజమని కాదు, ఓడితే అబద్ధమని కాదు. అది అరవయ్యో నలభయ్యో చూపించే సాక్షి ఎక్కడున్నాడు?

"ఎట్లా తెలుస్తది ఉస్తాద్?" ఈసారి గొంతు తగ్గింది.

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. మంచం కిందినుంచి ఇనప్పెట్టె లాగాడు. అందులో ముప్పై ఒక్క పుస్తకాలున్నాయి, ఏడాదికి ఒకటి. ప్రతి పేజీలో గుర్రం పేరు, పందేనికి ముందు ఆయన ఇచ్చిన వంతు, పక్కన గెలిచిందో ఓడిందో ఒక గుర్తు.

"నీకు నచ్చిన పది తీస్కపో. లెక్కపెట్టు."

"ఏం లెక్కపెట్టాలి?"

"నేను నూటికి ఇరవై అన్నవన్నీ ఒక దిక్కు పెట్టు. పది అన్నవి ఒక దిక్కు. రెండు అన్నవి ఒక దిక్కు. ఎన్ని గెలిచినయో చూడు."

నరహరి పుస్తకాలు స్కూటర్ మీద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. కాలేజీకి సెలవు పెట్టాడు. పది పుస్తకాలకి పాతికవేల గుర్రాలు తేలాయి. పేజీ తర్వాత పేజీ గీతలు గీస్తూ పోయాడు. భార్య సునంద అన్నం కంచం తెచ్చి పెట్టి, చల్లారాక తీసుకెళ్ళేది. ఏమిటిదని రెండోరోజు అడిగింది. డబ్బు పోయిన సంగతి అప్పుడే చెప్పేశాడు. ఆమె చేతిలో కంచం కింద పెట్టింది. తర్వాత, "మిగిలింది బ్యాంకులోనే ఉందా?" అంది. ఉందన్నాడు. ఆ పాసుపుస్తకం తీసి తన బీరువాలో పెట్టుకుంది.

తొమ్మిదోరోజు ఉదయం లెక్క ముగిసింది. మధ్యలో ఆదివారం వచ్చి వెళ్ళిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది.

యాసీన్ సాహెబ్ నూటికి ఇరవై అన్న గుర్రాలు రెండువేల మూడు వందల పదిహేను. నాలుగు వందల అరవై మూడు గెలవాలి. నాలుగు వందల డెబ్బై ఒకటి గెలిచాయి.

నూటికి పది అన్నవి నాలుగువేల నూట ఇరవై. నాలుగు వందల పన్నెండు గెలవాలి. నాలుగు వందల అయిదు గెలిచాయి.

నరహరి పెన్ను కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మూడోది చూశాడు. ఇక ఆశ లేదని అందరూ వదిలేసిన గుర్రాలవి. నూటికి రెండు అన్నవి మూడువేల యాభై. అరవై ఒకటి గెలవాలి. అరవై మూడు గెలిచాయి.

పది పుస్తకాలూ ఒకదాని పక్కన ఒకటి పరిచాడు.

ఆ గుర్రాల్లో ఏ ఒక్కటీ ఇప్పుడు బతికిలేదు. వాటిమీద కూర్చున్న జాకీల్లో చాలామంది పోయారు. వానలో పరుగెత్తినవి, ఎండలో పరుగెత్తినవి, కాలు విరిగినవి, మొండికేసి గేటు దగ్గరే ఆగిపోయినవి. ఏ గుర్రానికీ తన వంతు ఎంతో తెలియదు. ఏ రెండు పందాలకీ సంబంధం లేదు. అయినా అన్నీ కలిసి, ఎవరో పిలిచినట్టు, ఆ అంకె దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. అయిదో తరగతి చదివిన మనిషి పెన్సిలుతో ముందే రాసిపెట్టిన అంకె దగ్గరికి.

కిటికీలోంచి ఎండ పుస్తకాల మీద పడుతోంది. గట్టిగా ఊపిరి తీస్తే ఏదో చెదిరిపోతుందేమో అన్నట్టు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం తన పుస్తకం తీశాడు. రెండేళ్ళది. తను నూటికి ఇరవై ఇచ్చినవి మూడు వందల పది. అరవై రెండు గెలవాలి, యాభై ఎనిమిది గెలిచాయి. గుండె పొంగింది. నాకూ వచ్చింది, అనుకున్నాడు.

ఆ తర్వాత ఎందుకో తను డబ్బు కాసినవాటిని మాత్రం విడిగా తీశాడు. నూట నలభై గుర్రాలు. తన అంకెల ప్రకారం వాటిలో యాభై ఆరు గెలవాలి. గెలిచినవి ముప్పై ఏడు.

మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై ఏడే.

కాయని గుర్రాల దగ్గర అతని చెయ్యి గురువుగారి చెయ్యిలాగే ఉంది. కాసిన గుర్రాల దగ్గర ఆ చెయ్యి వేరేవాడిది.

మర్నాడు పుస్తకాలు తిరిగి తీసుకెళ్ళాడు. యాసీన్ సాహెబ్ పొద్దుటి ఎండలో అరుగు మీద కూర్చుని తోలుకి నూనె రాస్తున్నాడు. మైదానంలో గుర్రాల్ని పరుగెత్తిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

నరహరి రెండు లెక్కలూ చెప్పాడు. ఆయనదీ, తనదీ. దేన్నీ దాచలేదు.

"అమ్మకి ఒక మోకాలుకి చేయిస్తున్నాం," అన్నాడు చివర్లో. "రెండోది వచ్చే ఏడు. సునంద డాక్టరుతో మాట్లాడింది."

"అమ్మ ఏమన్నది?"

"ముందు కుడికాలు చేయించమంది. బస్సెక్కేది ఆ కాలితోనేనట."

యాసీన్ సాహెబ్ తల ఊపాడు.

"ఉస్తాద్, ముప్పై ఒక్క ఏళ్ళు మీ చెయ్యి ఎట్లా వంకర పోలేదు?"

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. నరహరి తీసుకెళ్ళని పుస్తకం ఒకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. ఆకుపచ్చ అట్ట, మూలలు చిరిగాయి.

నరహరి పేజీలు తిప్పాడు. ఎప్పటిలాగే పేర్లు, వంతులు, గుర్తులు. ఒకచోట ఆగాడు. ఆ పందెంలో తొమ్మిది గుర్రాల పేర్లున్నాయి, పక్కన ఒక్క అంకె లేదు. ఇంకొన్ని పేజీల తర్వాత మళ్ళీ అలాంటిదే. ఆ తర్వాత మళ్ళీ. అన్నీ కలిపి ఎనిమిది పందాలు ఖాళీగా ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ ఒకే గుర్రం పేరు కనిపించింది. షబ్నం.

ఆ ఒక్కదాన్నీ వదిలి మిగతావాటికి రాయొచ్చు కదా అని అడగబోయి ఆగిపోయాడు. నూరుని అందరికీ పంచాలి. ఒకరి వాటా తేలకపోతే ఎవరి వాటా తేలదు.

"ఈ పందాలకి బోర్డు మీద ధరలు ఎవరు కట్టారు?"

"వేరే మనిషి. షబ్నం పరుగెత్తే పందేనికి నేను ధర కట్టనని మా బుకీ సేట్‌కి ముందే చెప్పేటోణ్ణి. జీతం కోసేటోడు."

"ఎందుకు ఉస్తాద్? మీరు దాని మీద కాయలేదు కదా."

"కాయలే."

"మరి?"

యాసీన్ సాహెబ్ మైదానం వైపు చూశాడు. గోడ అవతల ఒక గుర్రం ఒంటరిగా పరుగెత్తుతోంది. ఆ చప్పుడు దగ్గరికొచ్చి, దూరమై, ఆగిపోయింది.

"అది నడిచొస్తుంటే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చేటివి బేటా," అన్నాడు.

నరహరి ఆ ఖాళీ పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత పుస్తకం మూసి, రెండు చేతులతో ఎత్తి, కళ్ళకద్దుకున్నాడు.