గొర్రు ముందు నిలబడిన తీతువు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక మెట్ట చేను. ఆ చేలో మట్టిబెడ్డల మధ్య ఒక తీతువు కాపురం. దానికి చెట్టూ లేదు, గూడూ లేదు. ఉత్త నేల మీదే గుడ్లు పెట్టుకునేది.

ఆపద వస్తే గుడ్ల దగ్గర అరవకూడదు. చప్పుడు కాకుండా పరుగెత్తి, దూరాన గట్టెక్కి అరవాలి. ఇది తీతువుల ఇంట తాతలనాటి ఆచారం. నక్కలు ఆ అరుపు వెంట పోయి, వట్టి మట్టి వాసన చూసి తిరిగిపోయేవి.

వేసవిలో రైతు అప్పలసూరి చేలోకి మేకలను తోలుకొచ్చాడు. తీతువు ఉత్తరపు గట్టెక్కి అరిచింది. గుడ్లు అక్కడున్నాయి కాబోలనుకుని, ఆ మంచివాడు మేకలను దక్షిణానికి మళ్లించాడు. గుడ్లున్నది దక్షిణానే. నాలుగూ డెక్కల కింద పోయాయి.

తొలకరికి నాగలి వచ్చింది. మళ్లీ పరుగు, మళ్లీ గట్టు, మళ్లీ అరుపు. అప్పలసూరి ఆ గట్టువైపు వదిలేసి రెండో వైపునుంచి చాలు తీశాడు. ఇంకో నాలుగు మట్టిలో కలిశాయి.

మూడోసారి గుడ్లు పెట్టేసరికి తీతువు ఒంట్లో సత్తువ లేదు. ఆ ఏటికి అవే ఆఖరివి. చోళ్లు, అంటే రాగులు, విత్తే రోజు రానే వచ్చింది. ఎద్దులు గొర్రు లాగుతూ వస్తున్నాయి. ఎద్దు వీపు మీద కూర్చున్న పసులపోలిగాడు పిట్ట కేకేసింది.

"అత్తా, లే! గట్టుకు పరుగెత్తు!"

"నావల్ల కాదురా అల్లుడూ. అలసిపోయాను. అందరికీ ఒకే అబద్ధం చెప్పి ఏం దక్కించుకున్నాను? పోతే వీటితోనే పోతాను."

రెక్కలు చాపి గుడ్ల మీద నిలబడింది. ఎద్దు ముట్టె నెత్తికి తగిలినా కదల్లేదు.

అప్పలసూరి ఎద్దులను ఆపి, వంగి చూశాడు.

"ఓలమ్మ! నువ్వు కూసిన కాడ తప్పించి, గుడ్లున్న కాడే తొక్కించీసినాను గావాల! ముందే సూపించొద్దేటే తల్లీ?" అన్నాడు.

గొర్రు ఎత్తి పక్కకు తిప్పాడు. చాపంత నేల విత్తకుండా వదిలి, చుట్టూ కంప గుచ్చాడు. చోడి పైరు జానెడు ఎదిగేనాటికి ఆ కంపలోంచి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. ఆ రోజు తీతువు పట్టపగలే కళ్లు మూసుకుని హాయిగా కునుకు తీసింది.

నక్క వస్తే ఇప్పటికీ అది గట్టెక్కే అరుస్తుంది. అప్పలసూరి వస్తే మాత్రం గుడ్ల మీద నుంచి కదలదు.

అందుకే పిల్లలూ, పగవాడికి దాచవలసిన గుట్టునే మేలుకోరేవాడికి ముందుగా చెప్పుకోవాలి.